పాత కొయ్య సామానులో సన్న మొలలు: పీకాలా, తొయ్యాలా, వదిలెయ్యాలా?

మా పెద్దమ్మ భోషాణం చిత్తూరు గిరింపేట నుంచి తిరుపతిలో మా ఇంటికి వచ్చిన రోజు దాని ఒంటి మీద మొలలు లెక్కపెట్టాను. 63 తేలాయి. మేకులనండి, సీలలనండి, మా వైపు మాత్రం అవి మొలలే. వాటిలో ఒక్కటి కూడా భోషాణం చేసిన ఆచారి కొట్టింది కాదు. ఆయన చెక్కలో చెక్క దూర్చి, వజ్రబంక (పశువుల తోలు ఉడికించి చేసే జిగురు) పూసి, బిగించి తన పని ముగించాడు. మొలలన్నీ తర్వాతి వాళ్ళ పుణ్యం. ఎలుకలు కొరక్కుండా అడుగున డాల్డా డబ్బా రేకు పరిచి కొట్టినవి కొన్ని, మూత మీద రెక్సిన్ లాగి కొట్టినవి కొన్ని, కరెంటు వైరు క్లిప్పులకు ఏడెనిమిది, సంక్రాంతి తోరణానికి అటొకటి ఇటొకటి, తాళాల గుత్తికి ఒకటి.

మొదటి మొలను సుత్తి వెనక చీలికతో పీకాను. మొల వచ్చేసింది. సుత్తి ఆనిన చోట టేకులో నెలవంక లాంటి సొట్ట మిగిలింది. మొల వదిలిన రంధ్రం రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, నేను చేసిన సొట్ట రెండు సెంటీమీటర్లు. ఇప్పటికీ మూత ఎత్తినప్పుడల్లా నా బొటనవేలు దాని మీదికే పోతుంది. మిగతా 62 దగ్గర తొందరపడలేదు. పద్ధతి మార్చి మార్చి చూశాను. ఇప్పుడెవరైనా అడిగితే ఏ పనిముట్టు కొనాలో చెప్పే ముందు ఒక ప్రశ్న వేస్తాను: మొల పైకి లేచేటప్పుడు ఆ బరువు ఎక్కడ పడుతుంది? పద్ధతుల మధ్య అసలు తేడా అక్కడే ఉంది.

ముందు ఏ మొలో చూసుకోండి

చిన్న నియోడిమియం అయస్కాంతాన్ని సన్న దారానికి కట్టి చెక్క మీద మెల్లగా తిప్పితే లప్పం కింద, రంగు కింద దాక్కున్న మొలలు కూడా బయటపడతాయి. మొల ఉన్న చోట అయస్కాంతం టక్కున అతుక్కుంటుంది, అక్కడ చాక్‌పీసుతో చుక్క పెట్టండి. ఇత్తడి మొలలు మాత్రం దీనికి దొరకవు.

తర్వాత మొల తల చూడండి. గుండ్రంగా, చదునుగా, అన్నీ ఒక్కలాగే ఉంటే తీగ నుంచి యంత్రం మీద చేసిన మొలలు. ఇవి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బాగా వాడకంలోకి వచ్చాయి. తల ఎగుడుదిగుడుగా, ఒక్కోటి ఒక్కోలా ఉండి, వెనక తేలిన మొన నాలుగు పలకలుగా కనిపిస్తే అది కమ్మరి కొలిమిలో సాగగొట్టిన మొల కావచ్చు. సామానుతో పాటే పుట్టిందనుకోవాలి. దాన్ని పీకకండి. పాత సామాను కొనేవాళ్ళు, దాని వయసు కట్టేవాళ్ళు ముందు వెతికేది అలాంటి ఆనవాళ్ళనే. ఒకవేళ తీయక తప్పకపోతే మెలిపెట్టొద్దు. గుండ్రటి మొలను పట్టకారుతో కొద్దిగా అటూ ఇటూ తిప్పితే పట్టు వదులుతుంది, పలకల మొలను తిప్పితే మూలలు చుట్టూ ఉన్న నారను చించేస్తాయి.

మూడోది తుప్పు. ఇనుము తుప్పుపడితే ముందు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంటే తుప్పుపట్టిన సన్న మొల చెక్కలో ఉబ్బి కూర్చుని ఉంటుంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో చాలా ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. మా భోషాణం అడుగు కూడా రెండు రోజులు తడిలో నానింది. ఆ అడుగు మొలలకూ పైన మూత మొలలకూ ఎక్కడా పోలిక లేదు. పైవి పట్టకారుతో లాగితే వచ్చాయి, కిందివి తలలు తెగి చేతికొచ్చాయి. టేకు, వేగిస, తుమ్మ లాంటి కొయ్యల్లో మొల చుట్టూ నల్లటి వలయం కూడా కనిపిస్తుంది. కొయ్యలోని టానిన్ అనే వగరు పదార్థానికీ ఇనుముకూ తడి తగిలితే వచ్చే మరక అది. కుళ్ళు కాదు, భయపడనక్కర్లేదు.

ఇంకో మాట. ఎర్రగా కనిపించిన ప్రతి పాత కొయ్యనూ మన దగ్గర ఎర్రచందనం అనేస్తారు. శేషాచలం పక్కనే ఉన్నాం కదా, ఆ మాట తొందరగా నోట్లోకి వస్తుంది. ఇళ్ళలో ఉన్నవి చాలావరకు టేకో, వేగిసో, పాలిష్ ముదిరి ఎర్రబడిన ఇంకేదో కొయ్యో.

పనికి కాలం కూడా ముఖ్యమే. మనకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు కొయ్య తేమ పీల్చి మొలను గట్టిగా కరుచుకుని ఉంటుంది. తొందర లేకపోతే ఏప్రిల్, మే దాకా ఆగండి.

వెనక నుంచి తొయ్యడం

నా లెక్కలో అన్నిటికంటే మేలైనది ఇదే. చాలామంది వెనక్కి తిప్పి చూడరు కాబట్టి దీని జోలికే పోరు. పలచటి చెక్కలకు కొట్టిన మొలల మొనలు చాలాసార్లు అవతలికి తేలి ఉంటాయి. కొన్నిటిని వంచేసి ఉంటారు. వంగిన మొనను పట్టకారుతో నిటారుగా చేసి, మొన మీద పంచ్ ఆనించి చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ముందు వైపు తల రెండు మూడు మిల్లీమీటర్లు లేస్తుంది. బరువంతా మొల మీదే పడుతుంది, ముందు చెక్కను ఏదీ తాకదు. పంచ్ లేకపోతే లావుపాటి మొల మొనను ఆకురాయితో చదును చేస్తే అదే పంచ్.

రెండు జాగ్రత్తలు. ముందు వైపు తల చుట్టూ రంగో పాలిష్షో గట్టిగా పట్టుకుని ఉంటే తలతో పాటు పెచ్చు లేస్తుంది. అందుకే తల చుట్టూ సన్న బ్లేడు మొనతో ఒక గీత గియ్యండి. రెండోది, తల లేచాక ఆపెయ్యండి. మిగతాది ముందు నుంచి పట్టకారుతో లాగాలి. పూర్తిగా వెనక నుంచే తొయ్యాలని చూస్తే సన్న మొల మధ్యలో వంగి చెక్కను పగలదీస్తుంది.

అంచు పట్టీలకు, చెక్కడపు ముక్కలకు మాత్రం దీన్ని తిరగేస్తాను. పట్టీ ఊడదీయాల్సి వస్తే ముందు వైపు మొల తలలను అసలు ముట్టుకోను. లప్పం పూసే పలచటి ఉక్కు బ్లేడును సందులో దూర్చి, మొలలతో సహా పట్టీని కొంచెం కొంచెంగా లేపుతాను. ఊడొచ్చాక మొలలను వెనక నుంచి, మొన పట్టుకుని పట్టకారుతో లాగేస్తాను. తల చెక్కలోంచి దూరి వెనక్కి వచ్చేస్తుంది. చిన్న తల మొలలైతే ముందు వైపు కనిపించేది పాత రంధ్రం ఒక్కటే. తల వెడల్పుగా ఉన్న రెక్సిన్ మొలలకు ఇది పనికిరాదు, అవి పట్టీనే చీలుస్తాయి.

పట్టకారు, కింద ఒక కార్డు

వెనక దారి లేని మొలలకు ఇదే గతి. 63లో సగానికి పైగా ఇలాగే తీశాను. మామూలు కటింగ్ ప్లేయర్ కంటే, నోరు గుండ్రంగా ఉండి కొన దగ్గర కొరికే పట్టకారు కావాలి. హార్డ్‌వేర్ షాపులో పిన్సర్ అని అడిగితే ఇస్తారు. పాత సామాను పనికి చిన్న సైజు చాలు.

మా వీధిలో కిటికీలు బాగుచేస్తున్న ఆచారి ఒకాయన నేను తంటాలు పడుతుంటే చూసి నవ్వి, "ముందు లోపలికి ఒక దెబ్బ ఎయ్ సార్. చిన్న దెబ్బ. ఇంగ అదే వస్తాది" అన్నాడు. మొల తీయడానికి మొల కొట్టడమేంటి అనుకున్నాను. కొట్టి చూస్తే అర్థమైంది. ఆ దెబ్బకు మొల వెంట్రుకవాసి కదులుతుంది, తుప్పుకూ చెక్కకూ మధ్య అతుకు తెగుతుంది. తెగే ముందు చిన్న 'టిక్' వినిపిస్తుంది. అది వినిపించిన మొల దాదాపు ఎప్పుడూ సాఫీగా వచ్చింది. దెబ్బ గట్టిగా పడితే మాత్రం తల చెక్కలో మునిగి పని రెట్టింపవుతుంది.

పాత ఏటీఎం కార్డుకు అంచు దగ్గర 'వి' ఆకారంలో గాటు పెట్టి మొల చుట్టూ దూర్చండి. దాని మీద పలచటి ఉక్కు పట్టీ ఒకటి. పిన్సర్‌తో మొలను చెక్కకు దగ్గరగా పట్టి, పైకి గుంజకుండా పిన్సర్ గుండ్రటి బుగ్గ మీద పక్కకు దొర్లించండి. రెండు మిల్లీమీటర్లు లేచాక మళ్ళీ కిందికి దించి పట్టుకుని మళ్ళీ దొర్లించండి. ఒకే ఊపులో లాగితే మొల వంగుతుంది, వంగిన మొల రంధ్రాన్ని చీల్చుకుంటూ వస్తుంది. దొర్లించేది కొయ్య నార పోయే దిక్కులోనే ఉండాలి. అడ్డంగా దొర్లిస్తే రంధ్రం అంచున పెచ్చు లేస్తుంది. ఉత్త కార్డు ఒక్కటే చాలదు, గట్టి మొలకు అది నలిగిపోయి బరువు కిందికి దిగుతుంది. ఉక్కు పట్టీ ఆ బరువును పరుస్తుంది, కార్డు గీతలు పడకుండా కాపాడుతుంది.

తల చెక్కతో సమానంగా ఉండి పిన్సర్‌కు పట్టు దొరక్కపోతే? సన్న ఉలి మొనతో తల కింద తవ్వొచ్చని చెప్తారు. కనిపించే ముందు వైపు నేనైతే తవ్వను. లోపలి గోడలకు, అడుగుకు పరవాలేదు.

వేడి

తుప్పు బాగా పట్టిన మొల దెబ్బకూ కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ ఉంది. రేడియో రిపేరుకు వాడే 25 వాట్లది చాలు. కొనను మొల తల మీద అరనిమిషం ఆనించి, తీసేసి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడికి మొల ఉబ్బి చుట్టూ ఉన్న నారను ఒత్తుతుంది, చల్లారి కుంచించుకున్నాక సందు మిగులుతుంది. వేడి మీదే లాగితే పెద్దగా ఉపయోగం ఉండదు.

పనిచేస్తుంది. కానీ పాత సామాను మీద ఉండేది చాలావరకు లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్, లక్క వేడికి ఇట్టే మెత్తబడుతుంది. ఒక మొల దగ్గర నేను పక్కకు చూసి మాట్లాడుతూ నిమిషం పైగా ఆనించాను. ముప్పావలా బిళ్ళంత మచ్చ తేలింది (ముప్పావలా బిళ్ళ లేదని తెలుసు, అర్ధ రూపాయికీ రూపాయికీ మధ్యలో ఉంది మరి). పాలిష్ ఏదో తెలియాలంటే కనిపించని మూలలో దూది మీద ఒక చుక్క స్పిరిట్ అద్ది చూడండి. జిగటగా మారితే లక్కే, వేడి జోలికి పోవద్దు. పాలిష్ లేని లోపలి వైపు మొలలకు మాత్రం నాకు ఇష్టమైన పద్ధతి ఇది.

తల తెగిన మొలకు గొట్టం

అడుగు మొలలు తలలు తెగాయన్నాను కదా. పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు మొల చుట్టూ ఉన్న కొయ్యను గుండ్రంగా కోసి, మొలతో సహా ఆ చిన్న స్తంభాన్ని బయటికి తీసి, రంధ్రంలో కొత్త కొయ్య బిరడా బిగిస్తారు. దీనికి బోలు గొట్టం లాంటి డ్రిల్ బిట్ కావాలి. నేను పాత ట్రాన్సిస్టర్ ఏరియల్ గొట్టం ముక్క కోసి, కొనకు ఆకురాయితో నాలుగు పళ్ళు పెట్టి వాడాను. మెత్తటి లోహం కాబట్టి రెండు మూడు రంధ్రాలకే అరిగింది, అయినా పని జరిగింది. గొట్టం చెక్క మీద జారకుండా, దానికి సరిపడా రంధ్రం ఉన్న ప్లైవుడ్ ముక్కను ముందు బిగించాలి. డ్రిల్ చాలా నెమ్మదిగా తిరగాలి.

మొల ఎంత సన్నదైనా నాలుగైదు మిల్లీమీటర్ల రంధ్రం మిగులుతుంది. అందుకే ఇది ఆఖరి మాట. మొల తప్పనిసరిగా రావాలి, వేరే దారి లేదు అన్నప్పుడే. రెండు చెక్కలను విడదీయడమే మీ పనైతే దీని బదులు హాక్సా బ్లేడు ఒక్కదాన్ని సందులో దూర్చి మొలను అడ్డంగా కోసెయ్యండి. సగం ముక్క అటు, సగం ఇటు లోపలే ఉండిపోతాయి, ఎవరికీ కనబడవు.

దించి వదిలెయ్యడం

మొల వల్ల గుడ్డ చిరగడం లేదు, చెయ్యి గీరుకోవడం లేదు, దాని చుట్టూ కొయ్య పగలడం లేదు. అలాంటప్పుడు దాన్ని ఎందుకు తియ్యాలి? పంచ్‌తో రెండు మిల్లీమీటర్లు లోపలికి దించి, పైన రంగు కలిపిన మైనం నింపితే సరి. రేపు మనసు మారితే మైనం గీకేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. పైన వెనీర్ అనే పలచటి కొయ్య పొర అతికించిన బీరువాలకు, పాత రేడియో పెట్టెలకు నేను ఇదొక్కటే సలహా ఇస్తాను. వెనీర్‌లోంచి మొల పీకితే చిన్న పెచ్చు కాదు, పొర పొరే లేచొస్తుంది. తడి తగిలే చోట మాత్రం దించి మూసెయ్యొద్దు, లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది.

వద్దనేవి

సుత్తి చీలిక సంగతి చెప్పాను. స్క్రూడ్రైవర్‌తో తన్ని లేపడం అంతకంటే ఘోరం, బరువంతా గోరంత చోటులో పడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే నూనె కొడితే మొల సులువుగా వస్తుందని చాలామంది అంటారు. ఇనుప బోల్టుకు నిజమే. కొయ్యలో మాత్రం ఆ నూనె నార వెంట పాకి మరకగా మిగులుతుంది, తర్వాత అక్కడ జిగురూ పట్టదు, పాలిషూ పట్టదు. గ్రైండర్‌తో తల కోసేస్తామని కార్పెంటర్ ఎవరైనా అంటే సామాను మీద దుప్పటి కప్పి, టీ ఇచ్చి పంపించండి.

రంధ్రం సంగతి

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి కూరడం. ఎండాక అది ముదురు రంగు తిరుగుతుంది, పాలిష్ పీల్చదు, చుట్టూ మెరిసి మధ్యలో చుక్కలా కనబడుతుంది. సన్న రంధ్రానికి మైనం చాలు. కొంచెం పెద్దదైతే అదే రకం కొయ్య నుంచి చీల్చిన పుల్లను సన్నగా చెక్కి, కొద్దిగా జిగురు అద్ది దిగగొట్టి, ఎండాక పదునైన ఉలితో సమానంగా కొయ్యండి. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే చుట్టూ ఉన్న పాత పాలిష్ కూడా పోతుంది. గొట్టం రంధ్రానికి పెట్టే బిరడాను మాత్రం నార దిక్కు కలిసేలా తిప్పి పెట్టాలి.

జిగురుగా నేను వజ్రబంకనే వాడతాను. ఫెవికాల్ వచ్చింది 1959లో. అంతకు ముందు చేసిన సామాను చాలావరకు వజ్రబంకతో అతికినదే. అది వేడి నీళ్ళకు కరుగుతుంది కాబట్టి రేపు ఎవరైనా అతుకు విప్పాలంటే విప్పగలరు. ఫెవికాల్ అంత సులువుగా వదలదు.

నల్ల వలయం పోవాలంటే ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళలో కలిపి, పాలిష్ లేని కొయ్య మీద కుంచెతో అద్ది, తర్వాత మంచి నీళ్ళతో రెండుసార్లు తుడవాలి. అది విషం. చేతి తొడుగులు వేసుకోండి, పిల్లలున్న ఇంట్లో డబ్బా అటక మీద పెట్టండి. సొట్టలకు తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే కొయ్య ఉబ్బి లేస్తుంది, అయితే లక్క పాలిష్ మీద చేస్తే తెల్లటి పొగ మచ్చ ఖాయం. నా నెలవంక అందుకే ఇంకా అలాగే ఉంది.

చెక్కడం పని ఉన్న సామానైతే మీరు చెయ్యి పెట్టకండి. తిరుపతికి దగ్గర్లోనే, ఏర్పేడు మండలం మాధవమాలలో తరతరాలుగా కొయ్య చెక్కేవాళ్ళున్నారు. తీసుకెళ్ళేటప్పుడు ఏ మొలలు తియ్యాలో, ఏవి ఉంచాలో చాక్‌పీసుతో గుర్తు పెట్టి మరీ అప్పజెప్పండి. లేకపోతే మర్యాదగా అన్నీ పీకి, పాలిష్ కూడా కొత్తది కొట్టి ఇస్తారు.

మా భోషాణంలో 19 ఉంచేశాను, తాళాల గుత్తి మొలతో సహా. తీసినవి 44. తీసిన ప్రతి మొలనూ తెగిన ముక్కలతో సహా హార్లిక్స్ సీసాలో వేస్తూ వచ్చాను, ఎందుకంటే ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగే కాళ్ళు ఎనిమిది. చివర్లో లెక్కపెడితే 43 ఉన్నాయి. టీటీ ఇంజక్షన్ గుర్తొచ్చి, అయస్కాంతాన్ని చీపురు కర్రకు కట్టి గంటసేపు గదంతా తుడిచాను. 44వది నా చొక్కా జేబులో దొరికింది.